ఒకే పడవ, రెండు పేర్లు

యూరప్‌లో శరణార్థులకూ ఆర్థిక వలసదారులకూ మధ్య తేడా గురించి మాట్లాడమన్నారు. ఒక పడవతో మొదలుపెడతాను.

2023 జూన్ 14న గ్రీస్‌లోని పైలోస్‌కు దూరంగా ఆడ్రియానా అనే చేపల పడవ మునిగింది. లిబియా నుంచి ఇటలీకి బయలుదేరిన ఆ పడవలో దాదాపు 750 మంది ఉన్నారని అంచనా. బతికింది 104 మంది. ఎక్కినవాళ్లలో సిరియన్లు, ఈజిప్షియన్లు, పాకిస్తానీలు ఉన్నారు. ఒడ్డు చేరితే సిరియన్‌ను శరణార్థి అనేవాళ్లు, పక్కన కూర్చున్న పాకిస్తానీని ఆర్థిక వలసదారు అనేవాళ్లు.

1951 జెనీవా ఒప్పందం ఐదు కారణాలే చెప్పింది: జాతి, మతం, జాతీయత, సామాజిక సమూహం, రాజకీయ అభిప్రాయం. వీటి వల్ల తనను హింసిస్తారన్న సహేతుకమైన భయంతో దేశం దాటినవాడే శరణార్థి. (కులం పేరు అందులో లేదు. దాన్ని ‘సామాజిక సమూహం’ కిందే వాదించుకోవాలి.) ఆకలీ లేదు. ‘ఆర్థిక వలసదారు’ అన్న మాటకైతే ఆ ఒప్పందంలో నిర్వచనమే లేదు. శరణార్థి కాదనుకున్నవాళ్లకు అధికారులూ పత్రికలూ తగిలించే పేరది.

అయినా “అందరూ వలసదారులే, తేడా ఎందుకు” అనే వాదన నాకు నచ్చదు. ప్రమాదమున్న చోటికి శరణార్థిని తిప్పి పంపకూడదని 33వ అధికరణ చెబుతోంది. తేడా చెరిపేస్తే ముందు పోయేది ఆ రక్షణే.

నా పేచీ తేడాతో కాదు, దాన్ని తేల్చే తీరుతో. నిజమైన శరణార్థి దొంగ పడవ ఎందుకెక్కుతాడని అడుగుతారు. వీసా లేనివాళ్లను తెచ్చిన విమాన సంస్థలకు యూరోపియన్ యూనియన్ జరిమానా వేయిస్తుంది. టికెట్ కొనే డబ్బున్నా విమానం ఎక్కనివ్వరు. 2022 మార్చిలో ఉక్రేనియన్ల కోసం మాత్రం 2001 నాటి తాత్కాలిక రక్షణ ఆదేశాన్ని మొదటిసారి బయటికి తీశారు. ఒక్కొక్కరినీ విచారించకుండానే నివాసం, పని హక్కు ఇచ్చారు. మంచిదే. 2015లో సిరియన్లు వచ్చినప్పుడూ ఆ ఆదేశం అక్కడే ఉంది.

మన దగ్గర కూలి కోసం రంగూన్ వెళ్లినవాళ్లు బర్మా కాందిశీకులుగా తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు ఇప్పటికీ ఉంది. పొట్ట చేతబట్టుకుని వెళ్లినవాడు ఏ రోజున కాందిశీకుడయ్యాడు? పని కోసం లిబియా వెళ్లి, అక్కడి నిర్బంధ శిబిరాల్లో చిక్కి, ప్రాణభయంతో పడవెక్కిన బంగ్లాదేశీ విషయంలోనూ అడగాల్సింది ఇదే. కానీ ఇటలీ ప్రకటించిన ‘సురక్షిత దేశాల’ జాబితాలో బంగ్లాదేశ్ ఉంది. తన విషయంలో అది సురక్షితం కాదని నిరూపించుకోవాల్సిన భారం అతనిదే. అదీ కొద్ది రోజుల్లో, తనకు రాని భాషలో.