ముందు బరువా, ముందు నొప్పా?

ఈ సభను గోస్పాడులో పెట్టినందుకు నిర్వాహకులను అభినందిస్తున్నాను. కుందూ నది నీళ్లు పారే ఇలాంటి పల్లెల్లో పిల్లలంటే మనకు గుర్తొచ్చేది రక్తహీనతే. కానీ పదో తరగతి కాగానే హాస్టల్లో వేస్తున్నాం. ఆటల పీరియడ్ పోయి పొద్దస్తమానం బెంచీయే దిక్కవుతోంది. ఒళ్లు చేస్తోంది, ఆపైన మోకాళ్లు, నడుము పీకుతున్నాయంటూ మన దగ్గరికొస్తున్నారు.

“ముందు బరువు తగ్గు, నొప్పి అదే పోతుంది” అని పంపేస్తున్నాం. ఈ మాట మానాలని చెప్పడానికే వచ్చాను. మోకాలు సలిపే పిల్ల ఎలా నడుస్తుంది? నడవకపోతే కండ సడలుతుంది. నొప్పితో నిద్ర చాలదు, నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది. పైగా కొవ్వు వాపును రేపే రసాయనాలను వదులుతుంది. అందుకే బరువు మోయని తలకూ నొప్పి రావచ్చు. మూడు నెలలు దాటిన నొప్పికి బరువుతో పాటే, అదే రోజు నుంచి వైద్యం మొదలవ్వాలి.

దానికన్నా ముందు ఒక హెచ్చరిక. లావుగా ఉన్న పన్నెండు పదమూడేళ్ల కుర్రాడు మోకాలు నొప్పని కుంటుతూ వస్తే, తుంటి చూడండి. తొడ ఎముక తల ఎదుగుదల పొర దగ్గర జారితే ఆ నొప్పి మోకాల్లో తెలియవచ్చు. మోకాలి ఎక్స్‌రేలో ఏమీ కనబడదు. మనం వాకింగ్ చెయ్యమంటాం, ఎముక ఇంకా జారుతుంది. అతణ్ణి నడవనివ్వకండి. రెండు తుంట్లకూ ఎక్స్‌రే తీయించి, వెంటనే ఎముకల డాక్టరుకు చూపించండి.

అది కాదని తేలాక, కుర్చీలో కూర్చునే తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు మొదలుపెట్టవచ్చు. నీళ్లలో నడక మంచిదని పుస్తకాలంటాయి. కుందూలో దిగమని మాత్రం నేను చెప్పను! కదిలితే ఏమవుతుందోనన్న భయానికి సైకాలజిస్టు సాయం కావాలి. మందులూ చూసి రాయాలి: అమిట్రిప్టిలిన్, ప్రెగాబాలిన్ బరువు పెంచగలవు. ఊళ్లో అలవాటుగా వేసే స్టెరాయిడ్ సూది సంగతి చెప్పనక్కర్లేదు.

తిండి విషయానికొస్తే, 1906 నాటి నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం ‘సూర్యనంది’ కొర్రనిచ్చింది. సంతోషమే. కొర్రన్నమైనా కంచం నిండా రెండోసారి వడ్డించుకుంటే లెక్క మారదు.

2014లో మొదలైన జాతీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం ఆరు అంశాలు పెట్టుకుంది. పోషణ ఉంది, మానసిక ఆరోగ్యం ఉంది, దీర్ఘకాలిక నొప్పికి విడిగా చోటు లేదు. నంద్యాలలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. పిల్లల డాక్టరు, ఎముకల డాక్టరు, ఫిజియోథెరపిస్టు వారానికి ఒక పూట ఒకే గదిలో కూర్చుంటే చాలు, కొత్త భవనం అక్కర్లేదు. మధ్యాహ్నం చర్చకు ఇదే అంశం. ముందుగా ఆశా కార్యకర్తలు మాట్లాడతారు, ఆ తర్వాతే డాక్టర్లు. అధ్యక్షుడిగా నా మొదటి నిర్ణయం ఇది.