“కమ్‌జోరీ” అన్న ఒక్క మాట

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మమ్మల్ని విద్యను గురించి మాట్లాడమన్నారు. ఏటా అదే మాట్లాడుతున్నాము. ఉర్దూ మీడియం పిల్లలు పదో తరగతిలో ఎందుకు వెనకబడుతున్నారో మా నోట విని విని మీకూ కంఠతా వచ్చేసి ఉంటుంది. ఈసారి వారి అనుమతితో మా ఇంటి సంగతి ఒకటి మనవి చేస్తాము. మా ఇంట్లోవారు ఇందుకు ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమే కాదు, “చెప్పండి, ఇంకో ఇంట్లో ఇట్లా కాకూడదు” అన్నారు.

మేము ఇరవై ఏళ్ళుగా పిల్లలకు ఉర్దూ చెబుతున్నాము. ఒక మాటకు సరైన ఇంకొక మాట పెట్టడం మా వృత్తి. అటువంటి మేమే ఒక మాటను తప్పుగా తర్జుమా చేసి ఒకటిన్నర సంవత్సరం పోగొట్టుకున్నాము.

2021 డిసెంబరులో మా ఇంట్లోవారికి ఎడమ కన్ను మసకబారింది. కన్ను తిప్పితే లోపల నొప్పి అనేవారు. కళ్ళద్దాల షాపుకు తీసుకుపోయాము. నంబరు మార్చి అద్దాలిచ్చారు. నెలన్నరలో చూపు చాలావరకు వచ్చింది. అద్దాలు మంచివి అనుకున్నాము.

2022 జులైలో రెండు పాదాలూ మొదలుకొని మోకాళ్ళ దాకా “సున్ హో గయే” అన్నారు. కర్నూలులోనే ఒక డాక్టరు దగ్గరకు వెళ్ళాము. ఆయనకు ఉర్దూ రాదు, మా ఇంట్లోవారికి తెలుగు అంతంతమాత్రం. మధ్యన మేము. “ఏం బాధ?” అంటే, “కాళ్ళల్లో నీరసం అంటోంది సార్” అన్నాము. సోదరులారా, సున్ అంటే స్పర్శ తెలియకపోవడం, మొద్దుబారడం. నీరసం అంటే కమ్‌జోరీ. ఈ తేడా మా ఆరో తరగతి పిల్లవాడికి తెలుసు. కాని మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ జబ్బు ఏదైనా దానికి కమ్‌జోరీ అనే పేరు. ఆ అలవాటు మా నోట్లోంచి అట్లా వచ్చేసింది. డాక్టరుగారు ఆ మాటకు తగిన మందే రాశారు. టానిక్కు, ఐరన్ మాత్రలు. నెలరోజుల్లో తిమ్మిరి తగ్గింది. టానిక్కు గుణం అనుకున్నాము.

ఇక్కడే అసలు మోసం ఉంది. ఈ జబ్బు చాలామందిలో వచ్చి, కొన్ని వారాలుండి, దానంతటదే కొంత తగ్గుతుంది. ఆ తగ్గే సమయానికి చేతిలో ఏముంటే దానికి పేరు వస్తుంది. అద్దాలకు వచ్చింది, టానిక్కుకు వచ్చింది, మధ్యలో మా ఖాలా కట్టించిన తాయెత్తుకూ వచ్చింది. ఎవరినీ తప్పుపట్టడం లేదు. అందరూ ప్రేమతోనే చేశారు.

2023 ఎండాకాలంలో మూడోసారి. నడుముచుట్టూ ఎవరో తువ్వాలు బిగించి కట్టినట్టు ఉందనేవారు. వేడినీళ్ళు పోసుకున్నా, పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడినా ఎడమకన్ను మళ్ళీ మసక. నమాజులో తల వంచితే మెడనుంచి కాళ్ళదాకా కరెంటు పాకినట్టు. ఈ కరెంటు సంగతి మాకు చెప్పలేదు, వాళ్ళ ఆపాకు చెప్పారు. “మీకు చెబితే మళ్ళీ కమ్‌జోరీ అంటారు కదా” అన్నారు తరువాత. ఆ మాట మాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

అప్పుడు మేము రెండో తప్పు చేశాము. రాత్రిపూట ఫోనులో వెతికాము. “మల్టిపుల్ స్క్లిరోసిస్” అన్న పేరు కనబడింది. అదే అని మాకు మేమే తీర్పు చెప్పుకున్నాము. ఒక నెల ఎవరితోనూ అనలేదు. ఆమె చేతిలోంచి గరిట జారితే ఉలిక్కిపడేవాళ్ళం. అమ్మాయి ఇంటర్ ఏమవుతుంది, తరువాత సంబంధాలేమవుతాయి అని లెక్కలు వేసుకున్నాము. భయపడటానికి ఖర్చయిన ఆ నెలలో డాక్టరు దగ్గరకు మాత్రం పోలేదు.

చివరకు హైదరాబాదులో నరాల డాక్టరు వద్దకు వెళ్ళాము. యథాప్రకారం మేము మొదలుపెట్టబోతే ఆయన, “మీరు కాదు మాస్టారూ, ఆమెను చెప్పనివ్వండి. నాకు ఉర్దూ అర్థమవుతుంది” అన్నారు. ఆమె అరగంట చెప్పారు. మేము వినని సంగతులు ఎన్నో ఆరోజు విన్నాము. ఆయన ఒక ఎర్ర పెన్నుమూత తీసి ఒక్కొక్క కంటికి చూపించారు. కుడికంటికి ఎరుపు. ఎడమకంటికి వెలిసిపోయిన ఇటుక రంగు. ఒకటిన్నర సంవత్సరం అద్దాల నంబరులో మేము వెతికిన జవాబు ఆ పెన్నుమూతలో ఉంది.

పేరు మాత్రం ఆయన వెంటనే పెట్టలేదు. “ఇట్లాగే కనబడేవి ఇంకా ఉన్నాయి, వాటిని ముందు తీసేయాలి” అన్నారు. బి12 లోపానికి, క్షయకు రక్తపరీక్షలు చేయించారు. కంటినరాన్నీ వెన్నుపామునూ పట్టే న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే వేరే జబ్బుకు కూడా చేయించారు. దీన్ని పట్టిచ్చే యాంటీబాడీని 2004లో కనుగొన్నారు. రెండు జబ్బులకూ మందులు వేరు, ఒకదానిది ఇంకోదానికి వాడితే హాని కూడా జరగవచ్చునట. తరువాత మెదడుకు, వెన్నుకు ఎం.ఆర్.ఐ., వెన్నునీటి పరీక్ష. కంటినుంచి మెదడుకు సంకేతం ఎంతసేపట్లో చేరుతుందో కొలిచే పరీక్ష కూడా చేశారు. ఎడమవైపు ఆలస్యంగా చేరుతోంది. షాపువారి చీటీ మా దగ్గర లేదు కాని, కంటినరం ఆ డిసెంబరును మరచిపోలేదు. అన్నీ కలిపి చూసి, అప్పుడు చెప్పారు. అదే జబ్బు.

ఆయన చెప్పినదాన్ని మా భాషలో చెబుతాము. కరెంటు తీగకు పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కదా. మెదడులోని, వెన్నుపాములోని నరాల తీగలకూ మైలిన్ అనే తొడుగు ఉంది. మన ఒంటిని కాపాడవలసిన రక్షణశక్తే పొరబడి ఆ తొడుగును అక్కడక్కడ కొరుకుతుంది. ఆ చోట్ల గట్టిపడిన మచ్చలు మిగులుతాయి. మచ్చ ఎక్కడుంటే బాధ అక్కడ. అందుకే ఒకసారి కన్ను, ఒకసారి కాళ్ళు. ఒకే తీగల కట్ట అని తెలియక మనం వేరు వేరు జబ్బులనుకుంటాము. చోటులోనూ కాలంలోనూ వేరువేరుగా జరిగినట్టు రుజువు దొరకాలన్నది అప్పట్లో దీని నిర్ధారణకు మూలసూత్రంగా ఉండేది. ఆ రుజువు కోసం తేదీలు కావాలి. మా దగ్గర తేదీలు లేవు. అద్దాలు మాత్రం ఉన్నాయి.

ఇక్కడ ఒక చరిత్ర చెబుతాము. ఇంగ్లండు రాజు మూడవ జార్జికి అగస్టస్ డెస్టే అని ఒక మనవడు. 1822లో చూపు మసకబారడంతో ఆయన బాధ మొదలైంది. ఆనాటి నుంచి వచ్చిన ప్రతి బాధనూ డైరీలో రాసుకుంటూ పోయారు. 1848లో చనిపోయారు. ఫ్రాన్సులో షార్కో అనే వైద్యుడు ఈ జబ్బును విడిగా గుర్తించి వివరించింది 1868లో. అంటే తన జబ్బు పేరు తెలియకుండానే ఆయన పోయారు. కాని ఆయన ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టినందువల్ల తరువాతి వైద్యులు ఆ డైరీ చదివి, ఇది అదే అయివుంటుందని చెప్పగలిగారు. పేరు తెలియని మనిషి సరిగ్గా రాశాడు. ఫోనులో పేరు చదివిన మేము ఒక్క తేదీ రాయలేదు.

ఇంకొక సంగతీ చెప్పకపోతే అన్యాయం. మా బడిలోనే ఒక యువ ఉపాధ్యాయుడికి అరికాళ్ళు తిమ్మిరులు, నడకలో తూలు. మా కథ విని, తనకూ అదేనని హడలిపోయాడు. మేమే వెంటబెట్టుకుని వెళ్ళాము. పరీక్షిస్తే బి12 బాగా తక్కువ. సూదిమందులతో నాలుగైదు నెలల్లో తేరుకున్నాడు. చూశారా, మేము భయపడ్డాము, అది నిజమైంది. అతను భయపడ్డాడు, అది కాలేదు. ఇద్దరి విషయంలోనూ భయం ఏమీ తేల్చలేదు. పరీక్షే తేల్చింది.

ఇప్పుడు మా ఇంట్లోవారు మందుమీద ఉన్నారు. దీనికి మొదటి మందు అమెరికాలో 1993లో అనుమతి పొందింది. ఇప్పుడు రకరకాల మందులున్నాయి. జబ్బును పూర్తిగా తీసేసే మందు లేదు. కొత్తదాడులను తగ్గించేవి ఉన్నాయి, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. మా వారు నడుస్తున్నారు, వండుతున్నారు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తారు. ఆ కంటికి రంగులు వెలిసినట్టే ఉన్నాయి. ముందే వెళ్ళి ఉంటే ఇవి కూడా మిగిలేవా అని ఒకరోజు అడిగాము. “అది అల్లాకు తెలుసు. మీరు ఇప్పుడు వింటున్నారు కదా, అది చాలు” అన్నారు.

బంధువుల్లో కొందరు, “బయట చెప్పకండి, అమ్మాయి సంబంధాలు చెడతాయి” అన్నారు. ఇది అంటువ్యాధి కాదు. తల్లికి ఉన్నంతమాత్రాన పిల్లలకు రావాలని లేదు, నూటికి తొంభైఏడుకు పైగా పిల్లలకు రాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలలో ఒకటిగా దీన్ని పేరుపెట్టి చేర్చింది. చట్టం బయటికి చెప్పిన మాటను మనం దాచిపెట్టడమెందుకు?

చివరిగా మా మనవి. కాలు మడుచుకు కూర్చుంటే ఎక్కే తిమ్మిరికి హడలిపోకండి. కాని ఒక కన్ను మసకబారి నొప్పి పెడుతున్నా, ఒంట్లో ఒక భాగం మొద్దుబారి ఒకరోజు దాటినా, వెంటనే డాక్టరుకు చూపించండి. తగ్గిపోయినా తేదీ రాసి ఉంచండి. ఇక మూతి వంకర, మాట తడబాటు, ఒకవైపు చెయ్యి కాలు పడిపోవడం హఠాత్తుగా వస్తే అది పక్షవాతం కావచ్చు, ఆ గంటలోనే ఆసుపత్రికి పరుగెత్తండి. బాధకు పేరు మీరు పెట్టకండి. కమ్‌జోరీ అనీ పెట్టకండి, ఫోనులో చదివిన పెద్ద పేరూ పెట్టకండి. ఆమె ఏ మాట అంటే ఆ మాటే డాక్టరుకు చేరవేయండి.

సంఘానికి ఒక విన్నపం. మన స్త్రీలకు తెలుగు రాక, డాక్టరుకు ఉర్దూ రాక మధ్యన మాట పోతోంది. రెండు భాషలూ వచ్చిన మన ఆడపిల్లలు నలుగురైదుగురు ఆసుపత్రికి తోడువెళ్ళే ఏర్పాటు ఈ సంవత్సరం మన సంఘం చేయాలి. మొదటి పేరుగా మా అమ్మాయి పేరు రాసుకోండి. అది వాళ్ళమ్మ మాటను మాకంటే బాగా తర్జుమా చేస్తుంది.

ఖుదా హాఫిజ్.