మెక్సికో చచ్చినవాళ్ల పండగ, మన పెద్దల అమావాస్య

ఈ ఎపిసోడ్‌లో మెక్సికో దేశంలో చనిపోయినవాళ్ల కోసం చేసే పండగ గురించి మాట్లాడుకుందాం. పొదిలిలో కూర్చుని మెక్సికో సంగతి ఎందుకయ్యా అంటారేమో. 2017లో వచ్చిన ‘కోకో’ అనే బొమ్మల సినిమా చూసిన పిల్లలు అడుగుతున్నారు, వాళ్లు కూడా మనలాగే ఫొటో ముందు అన్నం పెడతారా అని. అదొక కారణం. రెండోది మన ఇళ్లలో తగువు. మహాలయ అమావాస్య దగ్గరకొచ్చేసరికి అన్నదమ్ముల మధ్య మాట తేడా వస్తుంది. ఒకాయన పెద్దలకు పెట్టాలంటాడు. ఇంకొకాయన చర్చికి పోతున్నాడు కాబట్టి ఆ ఆకు ముందు కూర్చోనంటాడు. ఇక చదువుకున్న కొడుకు ఇదంతా మూఢనమ్మకం అంటాడు. మధ్యలో నలిగిపోయేది ఆ ఇంటి అమ్మ.

ముందు మెక్సికో సంగతి చెప్తాను. దాని పేరు ‘దియా దె ముయెర్తోస్’, చనిపోయినవాళ్ల రోజు అని. నవంబర్ 1, 2 తేదీల్లో చేస్తారు. ఒకటో తేదీ చిన్నప్పుడే పోయిన పిల్లలకి, రెండో తేదీ పెద్దవాళ్లకి. కొన్ని ప్రాంతాల్లో అక్టోబర్ 28న ప్రమాదాల్లో, కొట్లాటల్లో పోయినవాళ్లను తలుచుకుంటారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మన మహాలయ పక్షం భాద్రపద బహుళ పాడ్యమి నుంచి అమావాస్య దాకా కదా. అందులో కూడా ఇలాగే లెక్క ఉంది. భర్త ఉండగా పోయిన ముత్తైదువలకు నవమి, ఆయుధాల వల్లా ప్రమాదాల వల్లా పోయినవాళ్లకు చతుర్దశి, తిథి తెలియనివాళ్లందరికీ అమావాస్య. వాళ్లకీ మనకీ మధ్య సముద్రాలున్నాయి. అయినా అర్ధాంతరంగా పోయినవాళ్లకు వేరే రోజు ఉండాలని ఇద్దరికీ తోచింది.

వాళ్లు ఇంట్లో ఒక బల్ల వేసి ‘ఒఫ్రెండా’ అని అలంకరిస్తారు. దాని మీద ఫొటోలు, కొవ్వొత్తులు, ఉప్పు, ఆ పండగకే చేసే తియ్యటి రొట్టె పెడతారు. గ్లాసుతో నీళ్లు మాత్రం తప్పకుండా పెడతారు. అంత దూరం నుంచి నడిచొచ్చే ఆత్మకు దాహం వేస్తుందని. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం బిందెలు వరుసలో పెట్టే మన ఊళ్లవాళ్లకు ఈ మాట వేరే వివరించి చెప్పక్కర్లేదు. కోపాల్ అనే చెట్టు బంక నిప్పుల మీద వేసి పొగ వేస్తారు, మనం సాంబ్రాణి వేసినట్టే. పోయినాయన తాగేవాడైతే సీసా, కాల్చేవాడైతే సిగరెట్టు కూడా పెడతారు. రాత్రికి సమాధుల దగ్గరకు పోయి, శుభ్రం చేసి, పూలు పరిచి, అక్కడే తిని, పాటలు పాడుకుంటూ కూర్చుంటారు.

ఇదెక్కడ పుట్టింది అన్నదాని మీద వాళ్లలో వాళ్లకే పెద్ద వాదన. స్పెయిన్‌వాళ్లు 1521లో అజ్టెక్ రాజధానిని పట్టుకోకముందే అక్కడివాళ్లకు చచ్చినవాళ్ల పండగలు రెండుండేవి, చిన్నవాళ్లకొకటి, పెద్దవాళ్లకొకటి. కానీ అవి నవంబర్‌లో కాదు, జూలై, ఆగస్టు ప్రాంతంలో వచ్చేవి. నవంబర్ 2 యూరప్ తేదీ. ఫ్రాన్స్‌లో క్లూనీ అనే మఠానికి అధిపతి ఒదిలో, సుమారు వెయ్యేళ్ల కిందట, చనిపోయినవాళ్లందరి కోసం ప్రార్థన చేయమని పెట్టిన రోజు అది. 16వ శతాబ్దంలో మెక్సికోలో ఉన్న డియేగో దురాన్ అనే సన్యాసి ఒక అనుమానం రాసిపెట్టాడు. వీళ్లు మా పండగ పేరు చెప్పి తమ పాత పండగే చేసుకుంటున్నారేమో అని. ఇంకోవైపు, ఇందులో పాతది తక్కువ, స్పెయిన్ నుంచి వచ్చిందే ఎక్కువ అనే చరిత్రకారులూ ఉన్నారు. నాకైతే రెండూ కలిసిపోయాయనే అనిపిస్తుంది. విడదీయాలని చూసినా కుదరదు.

పూలూ రంగులేసిన పుర్రె ముఖాలతో మెక్సికో నగరంలో జరిగే పెద్ద ఊరేగింపు ఉంది చూశారూ, అది పాత ఆచారం అనుకుంటాం. 2015లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా ‘స్పెక్టర్’లో అలాంటి ఊరేగింపు కల్పించి చూపించారు. అది చూసి 2016లో నిజంగానే మొదలుపెట్టారు! యునెస్కో ఈ పండగను తన వారసత్వ జాబితాలోకి తీసుకున్నది 2008లో. అంటే ఊరేగింపు కన్నా ముందే.

ఇప్పుడు మన ఆకు దగ్గరకు వద్దాం. మా వైపు ఎలా చేస్తారో మీకు తెలిసిందే. ఇల్లు కడిగి, తలస్నానం చేసి, ఫొటోకి బొట్టు పెట్టి బంతిపూల దండ వేస్తారు. ఆకులో గారెలు, పాయసం, తినే ఇళ్లలో అయితే కోడికూర. తాతకు ఇష్టమని ఒక చుట్ట. సాంబ్రాణి వేసి, తలుపు దగ్గరగా వేసి కాసేపు బయట నిలబడతారు. కాకికి ముద్ద పెట్టిన తర్వాతే పిల్లలకు భోజనం.

ఆ బంతిపువ్వు ఎక్కడిది? మెక్సికోదే. అక్కడ దాన్ని ‘సెంపసూచిల్’ అంటారు. వాళ్ల పాత భాషలో ఇరవై పువ్వు అని అర్థం. చచ్చినవాళ్లకు దారి చూపించే పువ్వని వీధి గుమ్మం నుంచి బల్ల దాకా రేకులు చల్లుతారు. పోర్చుగీసువాళ్లు మన తీరాలకు వచ్చిన తర్వాతే అది మన ఇంటికి చేరింది. కోడికూరలో కారం ఉంది కదా, ఆ మిరపకాయ కూడా అక్కడిదే. తాత చుట్టలో పొగాకు అమెరికా ఖండాలదే. పొదిలిలో పొగాకు బోర్డు వేలం కేంద్రం ఉంది, మన చేలన్నీ ఆ పంట మీద బతికాయి, ఆ పంట మీదే అప్పులపాలయ్యాయి కూడా. అయినా అది బయట నుంచి వచ్చిందని ఎవరికీ గుర్తుండదు.

అందరికీ గుర్తులేదనడం కూడా సరికాదు. బ్రాహ్మల ఇళ్లలో తద్దినం వంట చూడండి. మిరపకాయ వాడరు, మిరియాలే. టమాటా ఉండదు, బంగాళాదుంప ఉండదు. కంద, చామదుంప, అరటికాయ, కాకరకాయ, ఇవే. ఎందుకంటే పెద్దలు ఎరగని కూరగాయలు పెద్దలకు పెట్టరు. అయిదు వందల ఏళ్ల కిందట మన వంటిల్లు ఎట్లా ఉండేదో ఆ ఒక్కరోజు వంట చెప్తుంది. మిగతా ఇళ్లలో లెక్క వేరు. ఆ మనిషి బతికుండగా ఏం ఇష్టంగా తిన్నాడో అదే పెడతారు. ఒకటి వంశానికి పెట్టే అన్నం, ఇంకొకటి మనిషికి పెట్టే అన్నం. నా మొగ్గు రెండో దానివైపే, దాచుకోను.

మహాలయానికి చెప్పే కర్ణుడి కథ కూడా అన్నం గురించే. బతికినంతకాలం బంగారం దానం చేశాడు, పెద్దలకు అన్నం పెట్టలేదు. పైకి పోతే తినడానికి బంగారమే దొరికింది. అప్పుడు పదిహేను రోజులు భూమ్మీదకు తిరిగొచ్చి అన్నదానం చేసి వెళ్లాడట.

మెక్సికోవాళ్లకీ మనకీ పెద్ద తేడా శ్మశానమే. మన హిందువుల్లో చాలామంది పెద్దల పండగ ఇంట్లోనే చేస్తారు, అటువైపు పోరు. కరీంనగర్ కార్ఖానగడ్డలో మాత్రం దళిత కుటుంబాలు దీపావళి రోజు సమాధుల దగ్గరే దీపాలు పెట్టి, తినుబండారాలు పెట్టి, టపాకాయలు కాలుస్తాయి. తెలుగునేల మీద మెక్సికోకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది అదే. ముస్లింలు షబే బరాత్ రాత్రి సమాధుల దగ్గరకు పోయి ఫాతిహా చదువుతారు. మన క్రైస్తవులు సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. కొన్నిచోట్ల నవంబర్ 2న, కొన్నిచోట్ల ఈస్టర్ తెల్లవారుజామున.

మన జిల్లాలో క్రైస్తవం బాగా పెరిగింది బాప్టిస్టుల వల్ల. 1876–78 కరువు తర్వాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. బాప్టిస్టు బోధలో చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన లేదు. అయినా ఆ ఇళ్లవాళ్లు కొవ్వొత్తి పట్టుకుని సమాధి దగ్గరకు పోతారు. బోధ వద్దన్నంత మాత్రాన అమ్మను పెట్టిన చోటికి పోకుండా ఉండలేరు కదా.

అందుకే అన్నదమ్ములకు నేను చెప్పేది ఇది. ఆకులోది తినమని తమ్ముణ్ణి బలవంతపెట్టకండి. విగ్రహాలకు పెట్టింది తినడం గురించి పౌలు కొరింథీయులకు రాసిన పత్రికలో పెద్ద చర్చే ఉంది, అది ఆయనకు మనస్సాక్షి విషయం. ఆయన వంట ఆయన విడిగా చేసుకోనివ్వండి. తమ్ముడుగారూ, మీరు కూడా అన్న పెట్టిన ఆకును దయ్యాల పని అనకండి. అది మీ నాన్న ఆకు. సమాధికి సున్నం వేసే రోజున అన్నను కూడా ఒక బకెట్ పట్టుకురమ్మనండి. మూఢనమ్మకం అంటున్న అబ్బాయికి ఒకటే ప్రశ్న. కర్మలో మూడు తరాల పేర్లు చెప్పాలి, తండ్రి, తాత, ముత్తాత. నీకు ముత్తాత పేరు తెలుసా? ముత్తవ్వ పేరు? హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నవాళ్లు ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆ పేర్లు అడిగి రాసుకోండి, వాళ్లు ఇష్టంగా తినేది ఏమిటో కూడా అడగండి. మీ ఇంట్లో ఆకులో ఏం పెడతారో నాకూ రాయండి.