పాత చీరతో స్లీపింగ్ బ్యాగ్ లైనరు



మన గాజువాక పిల్లలు చలికాలంలో వంజంగి, లంబసింగి కొండలకెళ్లి అద్దె స్లీపింగ్ బ్యాగుల్లో పడుకుంటున్నారు. అవి ఉతకడం కష్టం. అందుకే దిండుకి గలీబులాగ, బ్యాగు లోపలికి లైనరు కుట్టాం.

5.5 మీటర్ల పాత నూలు చీరలో 4.5 మీటర్లు కత్తిరించి సగానికి మడవండి. మడత కాళ్లవైపు ఉండాలి. రెండు పక్కలూ కుట్టి, ఒక పక్క పైన మూరెడు వదలండి, లోపలికి దూరడానికి. మూతి మడిచి కుట్టండి. మిగిలిన మీటరుతో చేతిసంచి వస్తుంది.

మొదటిదానికి కాళ్ల దగ్గర కుట్టు పెట్టాం. ఒక్క రాత్రికే చిట్లింది. పైగా 'పాత చీరే కదా' అని దారం డబ్బులే అడిగాం. చీర పాతదైనా మన కష్టం కొత్తదే కదా! ఇకమీదట కుట్టుకూలి పుస్తకంలో రాశాకే ధర చెబుదాం.