జర్మను వేగపు కార్లు - ఉద్దానపు త్రోవలు



ఉద్దానపు సీమలో నాలుగెకరముల జీడితోటయు, కొంత కొబ్బరియు గల గృహస్థు ఇంటికి ఈ నడుమ ఒక క్రొత్త ప్రశ్న వచ్చుచున్నది. కుమారుడు గల్ఫు దేశమునుండియో, హైదరాబాదునుండియో వచ్చి, "నాన్నా! క్రొత్త చిన్నకారు వెలకే పాత జర్మను స్పోర్ట్సు కారు దొరకుచున్నది, కొందము" అనును. ఆ మాట అబద్ధము గాదు. పదిపండ్రెండేండ్లు తిరిగిన బెంజియో, బి.ఎం.డబ్ల్యు.యో, ఆడియో తన మొదటి వెలలో స్వల్పభాగమునకే నేడు అమ్మకమునకు వచ్చుచున్నది. కాని ఏనుగును కొనుట వేరు, మేపుట వేరు. నేను కొంతకాలము చక్రము త్రిప్పితిని. అంతకంటె ఎక్కువకాలము బండ్లక్రింద పరుండి మరలు విప్పితిని. ఆ రెండు అనుభవములను చేర్చి, ఈ కార్లలో ఏది నడుపుటకు మేలో, ఏది బాగుచేయుటకు సులభమో, మన త్రోవలకు ఏది తగునో విన్నవించెదను.

మోటారు కారు పుట్టినదే జర్మను దేశమున. 1886 జనవరి 29వ తేదీన కార్ల్ బెంజ్ అనువాడు తన మూడుచక్రముల బండికి పేటెంటు కోరెను. బండి కనిపెట్టినవాడు ఆయనయే యైనను, దానిని దూరప్రయాణమునకు మొదట తీసికొనిపోయినది ఆయన భార్య బెర్తా. 1888 ఆగస్టులో ఆమె భర్తకు చెప్పకుండ, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని, మన్‌హైమ్ పట్టణమునుండి పుట్టినింటికి 100 కిలోమీటర్లకు పైగా నడిపించుకొని పోయెను. శ్రీకాకుళమునుండి బయలుదేరి పలాస దాటి పోవునంత దూరమది. దారిలో నూనె గొట్టము పూడిపోగా టోపీ సూదితో పొడిచి తెరచెను. బ్రేకు అరిగిపోగా చెప్పులు కుట్టువానిచేత తోలు కొట్టించెను. ఇంధనము మందులదుకాణమున కొనెను. మొదటి కారు సూదితోను తోలుతోను బాగుపడెనన్నమాట. నేటి జర్మను కారు దేనితో బాగుపడును? ఇదియే మనకు కావలసిన ప్రశ్న.

ముందు నడపుట సంగతి. ఎడ్లబండి ఎరిగినవారికి దీనిని వివరించుట కష్టము గాదు. బరువు ఇరుసునకు వెనుకబడినచో కాడి పైకి లేచును. ముందునకు వచ్చినచో ఎడ్ల మెడలు నలుగును. సరిగా సర్దినప్పుడే బండి సుఖముగా సాగును. కారునందు ఈ బరువు ఇంజను. ఇంజనును ఎక్కడ అమర్చవలెనను విషయమున జర్మనులు ఒకరితో నొకరు ఏకీభవింపలేదు.

పోర్షె వారు 1963లో చూపిన 911 అను కారులో ఇంజనును వెనుక ఇరుసునకు కూడ ఆవల నుంచిరి. నేటికిని అక్కడనే యున్నది. వెనుకచక్రములపై బరువుండుటచే అవి నేలను గట్టిగా పట్టి బండిని ముందునకు త్రోయును. కాని మలుపు నడుమ భయపడి కాలు ఒక్కసారిగా తీసినచో వెనుకభాగము బయటకు విసరుకొనిపోవు స్వభావము పాత బండ్లకు గలదు. క్రొత్తవానిలో విద్యుత్ యంత్రములు దానిని చాలవరకు అదుపులో నుంచినవి. చేయి తిరిగినవానికి ఇంతకంటె ఆనందకరమైన బండి అరుదు. చేయి తిరుగనివానికి పాతది ప్రమాదకరము.

మ్యూనిచ్ నగరపు బి.ఎం.డబ్ల్యు. వారు ఇంజనును ముందుంచి, వెనుకచక్రములను త్రిప్పుచు, ముందు వెనుకల బరువు ఇంచుమించు సమముగా సర్దుదురు. చక్రము త్రిప్పిన వెంటనే బండి మాట వినును. బెంజి వారును అధికముగా ఆ పద్ధతినే అనుసరించినను, వారి దృష్టి దూరప్రయాణ సుఖముపై నుండును. 1954లో పక్షిరెక్కలవలె పైకి తెరచుకొను తలుపులతో వారు చేసిన 300 ఎస్.ఎల్. అను కారు లోకప్రసిద్ధమైనది. ఇక ఆడి. ఆగస్టు హోర్ఖ్ అను నాయన తన పేరిటి కంపెనీని విడిచి మరియొకటి పెట్టగా, తన పేరునే వాడుకొను హక్కు లేకపోయెను. ఆ పేరునకు జర్మనులో "విను" అని అర్థము. లాటిను భాషలో ఆ అర్థమే గల "ఆడి" అను మాటను గ్రహించెను. రేడియో వినువారికి ఈ పేరు నచ్చవచ్చును! ఈ ఆడి వారు 1980లో నాలుగు చక్రములును లాగునట్టి క్వాట్రో కారును తెచ్చి, బురదలోను మంచులోను పందెములు గెలిచిరి. అయితే ఆ బండ్లలో పెక్కింటికి ముక్కు బరువు. మలుపున కొంచెము మొరాయించును.

నడపుటలో నా తీర్పు ఇది. ఆనందమునకు పోర్షె, సమతూకమునకు బి.ఎం.డబ్ల్యు., అలసట లేకుండుటకు బెంజి, తడినేలకు ఆడి. కాని ఒక్క విషయము మరువరాదు. ఆ దేశమున వేగమునకు హద్దులేని రహదారి భాగములున్నవి. అక్కడి పెక్కు కార్లకు గంటకు 250 కిలోమీటర్ల వద్ద కంపెనీవారే కళ్లెము వేయుదురు. మన 16వ నంబరు జాతీయ రహదారిపై వేగమునకు హద్దు గలదు. టెక్కలి రాతిబండల లారీలును, అడ్డమువచ్చు పశువులును గలవు. ఆ శక్తిలో సగమైనను ఇక్కడ వాడుటకు వీలులేదు. వాడని శక్తికి కూడ మరమ్మతు ఖర్చు పెట్టవలెను.

ఇక మరమ్మతు. "జర్మను యంత్రము గట్టిది, మన పాత లారీ చూడలేదా?" అని కొందరందురు. నిజమే. 1954లో టాటా వారు డైమ్లర్-బెంజ్ వారితో ఒడంబడిక చేసికొని లారీలు చేయసాగిరి. 1969 వరకు ఆ పొత్తు సాగెను. ఆ లారీల ముందు మెరసిన మూడు కోణముల నక్షత్రము మీలో పెద్దవారికి జ్ఞాపకముండును. 1958లో ఆరంభమైన బజాజ్ టెంపో కూడ జర్మను పొత్తుతో పుట్టినదే. అవి మన ఊళ్లలో నిలిచినది కేవలము ఉక్కు గట్టిదనము చేతగాదు. ప్రతి ఊరి మేస్త్రీకి వాని ఇంజను తెలిసెను. ప్రతి పట్టణమున వాని సామాను దొరకెను. విద్యయు, విడిభాగములును ఊరికి వచ్చినందుననే ఆ యంత్రము ఊరిదైనది. వేగపు కారు విషయమున ఈ రెండును రాలేదు.

పాత పోర్షెకు గాలితో చల్లబడు ఇంజను. రేడియేటరు లేదు, కారు నీరు లేదు. ఆ పద్ధతి 1998తో ముగిసెను. తరువాత వచ్చిన నీటి ఇంజనులలో కొన్నియేండ్లవానికి లోపలి ఒక బేరింగు చెడి ఇంజనే పాడైన సందర్భములు ప్రసిద్ధములు. పెద్దపనికి ఇంజనునే క్రిందికి దింపవలెను. బి.ఎం.డబ్ల్యు.లో వయసు మీరినప్పుడు నీటిని త్రిప్పు ప్లాస్టిక్ భాగములు పెళుసెక్కి పగులును. దాని పెక్కు మోడళ్లకు అదనపు చక్రముండదు. గాలి పోయినను కొంతదూరము నడచు టైర్లుండును. అవి పలాస పంక్చరు దుకాణమున దొరకునవి గావు. బ్యాటరీ మార్చినను ఆ సంగతి కారులోని కంప్యూటరునకు పరికరముతో తెలుపవలెను. గాలితిత్తుల స్ప్రింగులు గల బెంజి మోడళ్లలో ఆ రబ్బరు పగిలి బండి ఒకవైపు కూలబడును. ఆడిలో రెండు క్లచ్చుల గేరుపెట్టె చెడినచో ఆ ఖర్చు కారు వెలలో పెద్దభాగము కావచ్చును. ఈ నాలుగింటిలో దేనికైనను విశాఖపట్టణము వంటి పెద్దనగరమే దిక్కు. పలాసనుండి అది సుమారు 180 కిలోమీటర్లు; కదలని బండిని లారీపై ఎక్కించుకొని పోవలెను.

మన నేల సంగతియు ఆలోచింపుడు. వేగపు కారు కడుపు నేలకు నాలుగైదు అంగుళముల యెత్తుననే యుండును. వజ్రపుకొత్తూరు, మందస, కవిటి ప్రాంతముల తోటలలోని ఇసుకబాటలలో నాలుగు చక్రములు లాగినను కడుపు ఆనిన పిమ్మట లాభము లేదు. నౌపడ ఉప్పుమళ్లను ఎరిగినవారికి సముద్రపు గాలి ఇనుమునేమి చేయునో చెప్పనక్కరలేదు. పోర్షె వారు 1970ల నడుమనుండి శరీరమునకు జింకు పూత వేయుచున్నారు. అయినను విద్యుత్ తీగల ముడులను ఉప్పుగాలి తినక మానదు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, తోటలను ఎట్లు నేలగూల్చెనో మీరు చూచితిరి. అట్టి వాననీటిలో తక్కువ యెత్తు కారును నడిపినచో ఇంజను నీరు పీల్చి లోపల విరుగును. సాధారణపు బీమాలో ఆ నష్టము తరచుగా చేరదు. ఇంజను రక్షణకు వేరుగా రుసుము చెల్లింపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఎన్ని గడపలు త్రొక్కినదో మీకు తెలియును. 2023 డిసెంబరులో పలాసలో దానికై పెద్ద ఆసుపత్రి ప్రారంభమైనది. రక్తశుద్ధికి వారమునకు రెండు మూడుసార్లు పోవలసిన రోగి ఇంటిలో నున్నప్పుడు, బండి గుణము వేగమున లేదు. ప్రతిసారియు కదలుటలో నున్నది. తెల్లవారుజామున మొరాయించినచో కాశీబుగ్గ మేస్త్రీ వచ్చి గంటలో నడిపింపగలిగినదే ఆ ఇంటికి మంచి బండి.

అందుచే నేను చెప్పునది ఇంతే. తోటమీద అప్పు తెచ్చిగాని, ఇంటికి ఉన్న ఒకే బండిగాగాని, పాత జర్మను స్పోర్ట్సు కారును కొనవద్దు. కుమారునికి సంపాదనయు, ఇంట వేరొక బండియు ఉన్నచో వానిని అడ్డగింపవలసిన పని లేదు. అప్పుడు పోర్షెను పట్టణవాసులకు విడిచి, సామాన్యపు స్ప్రింగులు గల బెంజినో, బి.ఎం.డబ్ల్యు.నో చూడుడు, వీనిని మన దేశమున కూర్చు కర్మాగారములుండుటచే సామాను కొంత సులభముగా వచ్చును. బయానా ఇచ్చుటకు ముందు నాలుగు పనులు చేయుడు. చల్లారిన ఇంజనును మీ యెదుట నడిపించి పొగ చూడుడు. మరమ్మతుల పుస్తకములో నడిచిన దూరమును సరిచూడుడు. కంపెనీ పరికరముతో పరీక్ష చేయించుడు. నాలుగు టైర్లకును, బ్రేకులకును, ఒక సంవత్సరపు బీమాకును ఎంత అగునో ముందే అడిగి కాగితముపై వ్రాసికొనుడు. తెలంగాణ బండియైనచో అక్కడి అనుమతిపత్రమును, ఇక్కడి జీవితకాలపు పన్నును ఆ లెక్కలో చేర్పుడు. ఆ మొత్తమును ఒక యేటి జీడిపిక్కల రాబడితో పోల్చి చూచినచో, కొనవలెనో మానవలెనో తండ్రియు కొడుకును వాదులాడకయే తేల్చుకొనగలరు.