బిందువులో మెరుపు



ఆశ్వయుజ కార్తికములందు మన నెల్లూరు తీరమున సముద్రముపై మేఘము మెరసినపుడు గోచరించు తేజస్సు ప్లాస్మాయే. పరమాణువులనుండి ఎలక్ట్రానులు ఊడి, విడివిడిగా సంచరించు స్థితికి ఆ పేరు. అట్టి మెరుపును శాస్త్రజ్ఞులు కంటికి కానరాని హీలియము బిందువునందు పుట్టించిరి.

హీలియమునకు ఆంధ్రదేశముతో పాత సంబంధము గలదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును ఫ్రెంచి ఖగోళవేత్త జాన్సెన్ గుంటూరునందు పరిశీలించెను. ఆ యేటి సూర్యపరిశీలనలలో బయల్పడిన పసుపుపచ్చని రేఖయే ఈ మూలకమునకు తొలిజాడ. 1895లో రామ్సే దీనిని భూమిపై వేరుపరచెను.

అతిశీతలమైన హీలియమును సన్నని రంధ్రముగుండ శూన్యములోనికి వదలిన, వేలకొలది పరమాణువులు గుమిగూడి బిందువులగును. తన ఎలక్ట్రానులను ఇంత గట్టిగా పట్టుకొను మూలకము మరొకటి లేదు. కావున ఇతర పరమాణువులను ఛేదింపగల లేజరు కాంతియు, శుద్ధ హీలియము బిందువును గాజును దాటినట్లు దాటిపోవును.

అందు క్సెనాను వంటి వాయువు పరమాణువులు పదికి లోపుగా చేర్చిన నేమగును? పాలకు తోడు వేసినట్లగును. క్సెనాను ఎలక్ట్రానులు ముందుగా ఊడును. మిగిలిన ధనావేశము పొరుగు హీలియము పట్టును సడలించును. ఊడినవి కాంతితోపాటు ఊగుచు, పొరుగువానిని ఢీకొని మరికొన్నిటిని ఊడగొట్టును. ఈ ప్లాస్మా మొదట కోలగా సాగును. ఊయలను అదనెరిగి త్రోసినట్లు, కాంతి ఊపును దాని ఊపును ఏకమైనపుడు శక్తి వెల్లువగా చేరును. అంతట బిందువులోని పరమాణువులన్నియు ఛేదింపబడి, బిందువు బ్రద్దలగును.

ఈ సంగతిని 2011లో ఎస్. ఆర్. కృష్ణన్, టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఎం. కృష్ణమూర్తి గారలు జర్మనీ శాస్త్రజ్ఞులతో కలిసి ప్రకటించిరి. వారి గణనలో మరియొక విశేషము గలదు. తోడు ఉన్నను, కాంతి ఇంచుమించు 9 ఫెమ్టోసెకనులైన నిలువనిదే బిందువు అంటుకొనదు. సెకనును కోటి భాగములు చేసి, అందొకదానిని మరల పదికోట్ల భాగములు చేసిన వచ్చునది ఒక ఫెమ్టోసెకను. అంత స్వల్పకాలమైనను, కావలసినంత ఉండియే తీరవలెను.

గ్రంథాలయమునకును ఇదియే న్యాయము. ఊరిలో పదిమంది చదువరులున్న చాలును; ఊరంతయు వెలుగగలదు. కాని వారి చదువు పదుగురికి అంటుకొనునంత కాలము ఈ తలుపులు తెరచి యుండవలెను. దీపము వెలిగించిన వెంటనే తాళము వేసిన ఫలము లేదు. ఈ రజతోత్సవము ముగిసిన మరునాటి సాయంకాలమున వచ్చి తలుపు తీయువారి చేతిలోనే మన గ్రంథాలయ భవిష్యత్తు గలదు.