జీతం లేని పనికి తీరిక ఎవరికుంది?



ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో పని చేసి చూపిస్తే కంపెనీలు పిలిచి ఉద్యోగమిస్తాయంటారు. నిజమే, కొందరికి అలా దొరికింది. సిఫారసు లేని అమ్మాయికి అదొక దారే. కానీ ఆ దారి పట్టాలంటే సాధారణంగా ముందు నెలల తరబడి జీతం లేకుండా పనిచేయాలి. ఇంటిచాకిరీ మోసే స్త్రీకి ఆ తీరిక ఎక్కడిది?

2017లో గిట్‌హబ్ జరిపిన సర్వేలో జవాబిచ్చినవారిలో స్త్రీలు 3 శాతమే. అదే ఏడాది వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, ప్రాజెక్టుకు బయటివారైన స్త్రీలు రాసిన కోడ్, రాసింది ఆడవాళ్లని తెలియనప్పుడు మగవాళ్ల కోడ్ కన్నా ఎక్కువగా ఆమోదం పొందింది, తెలిసినప్పుడు తగ్గింది. కొరత ప్రతిభలో లేదు.

2006లో గ్నోమ్ ప్రాజెక్టు స్త్రీలకు భృతి ఇచ్చి ఈ పని చేయించింది. నేటి అవుట్‌రీచీ అందులోంచే వచ్చింది. మనం అడగాల్సిందీ అదే: నేర్చుకునే కాలానికీ కూలి!